విశాఖ బీచ్ రోడ్డులో ప్రైడ్ మార్చ్: మాస్కులు ఉండాలా, వద్దా?

కెరటం: గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ మనుషులం తలెత్తుకుని నడిచే ప్రైడ్ మార్చ్‌ని వచ్చే నెల ఒక ఆదివారం సాయంత్రం కాళీ గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడుద్దామనుకున్నాం. పోలీసు అనుమతికి కాగితం రాస్తున్నాం. నిన్న మీటింగులో ఒకాయన అందరికీ మాస్కులు ఇవ్వాలన్నారు. ముఖం దాచుకుని నడిస్తే అది ప్రైడ్ ఎలా అవుతుంది? మీరేమంటారు?

గాజువాక గిరి: ఆ మాట అన్నది నేనే. ఆదివారం సాయంత్రం అక్కడ ప్రతి చేతిలో ఫోన్ ఉంటుంది. పది సెకన్ల వీడియో రాత్రికల్లా మా వీధి వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. ఐదు రూపాయల మాస్కుకి ఇంత అభ్యంతరం దేనికి?

సీతమ్మధార నాన్న: పిల్లలకు ముంత మసాలా కొనిపెట్టి ఇసుకలో ఆడించుకునే చోటు అది. మీ ఇంట్లో మీరెలా ఉన్నా నాకు పట్టదు. రోడ్డెక్కడం ఎందుకు?

కెరటం: రోడ్డెక్కడం నేర్పిందే ఈ ఊరు సార్. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఇక్కడే జనం ప్రాణాలిచ్చారు. మనవాళ్లు 1999లో కలకత్తాలో మొదటిసారి నడిచినప్పుడు గట్టిగా పదిహేను మంది. అప్పటికి ఐపీసీ 377వ సెక్షన్ కింద మన సంబంధాలు ఇంకా నేరమే. ఇప్పుడు ఆ భయం కూడా లేదు కదా, గిరి అన్నా?

గాజువాక గిరి: 377 నుంచి కోర్టు మనల్ని బయటపడేసింది 2018 సెప్టెంబరు 6న. నన్ను ఇల్లు ఖాళీ చేయించింది 2021లో. నా ఫ్రెండ్‌తో దిగిన ఫోటో ఎవరో ఓనర్‌కి చూపించారు. డ్యూటీ నుంచి వచ్చేసరికి పరుపు, గ్యాస్ సిలిండరు, రెండు సూట్‌కేసులు మెట్ల మీద ఉన్నాయి. అడ్వాన్సు ఇప్పటికీ రాలేదు. మా చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. నా ముఖం బయటపడితే కోర్టు వచ్చి దాని పెళ్లి చేస్తుందా?

మద్దిలపాలెం 88: పొద్దున్నే పెట్టుకోండి. వాకింగ్ టైమ్‌లో బళ్లు ఉండవు, గొడవా ఉండదు.

సీతమ్మధార నాన్న: నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

పూర్ణా మార్కెట్ అక్క: రెండు రోజుల నుంచి చదువుతున్నాను, మాస్కు మాస్కు అని. ఏ మాస్కు పెడితే నా గొంతు మారుతుంది? బస్సెక్కితే నా పక్క సీటు ఖాళీ అయిపోతుంది. 2014లో సుప్రీంకోర్టు మమ్మల్ని థర్డ్ జెండర్‌గా గుర్తించింది, పింఛను కూడా వచ్చింది. ఆ సీటులో మాత్రం ఇంకా ఎవరూ కూర్చోరు.

గిరి తమ్ముడూ, నీ బాధ నిజమే. కానీ కిందటిసారి కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డప్పుడు ఏమైంది? ముందు వరుసలో మేం తొమ్మిది మందిమి. రాయి పడింది మా మీద. ఉద్యోగాలున్నవాళ్లంతా ఐస్‌క్రీం బండి దగ్గర నిలబడి చూశారు. మాస్కు అంటే నాకు వినపడేది అదే: దెబ్బలు మాకు, మార్చ్ అందరిదీ.

గాజువాక గిరి: నేనెప్పుడూ అలా అనలేదక్కా. నాకు పోయేది ఉంది కాబట్టి భయపడుతున్నాను. మీకంటే...

పూర్ణా మార్కెట్ అక్క: ఆగిపోయావేం? పూర్తిచెయ్యి. మాకు పోయేదేముంది అనే కదా? పదహారేళ్లకే మా అమ్మ నాకు తలుపు వేసేసింది. అది పోవడం కాదా? ఆ తర్వాత పోయినవి చెప్పాలంటే ఈ రాత్రి చాలదు.

కెరటం: అక్కా, గిరి అన్నా, ఇద్దరూ కాసేపు ఆగండి.

పూర్ణా మార్కెట్ అక్క: ఆగను. ఇదే మీటింగులో మాట్లాడాల్సింది. మాస్కు పేరు చెప్పి తప్పించుకున్నాం.

గాజువాక గిరి: రాత్రంతా నిద్ర పట్టలేదు. ఐస్‌క్రీం బండి దగ్గర ఉన్నవాళ్లలో నేనూ ఉన్నాను. మీరు కొంగుతో నుదురు అదిమిపెట్టుకోవడం చూశాను. నాకు అడుగు పడలేదక్కా. వచ్చి ఒక మాట కూడా అడగలేదు. ఈసారి వస్తాను. కానీ చెల్లి పెళ్లయ్యేదాకా మాస్కు తీయలేను.

పూర్ణా మార్కెట్ అక్క: పెట్టుకునే రా. వెనక మాత్రం వద్దు. బ్యానర్ కుడి కర్ర, సముద్రం వైపుది, నేను పట్టుకుంటాను. ఎడమ కర్ర నువ్వు పట్టుకో. జనం ఉండేది అటే.