వాంకూవర్-పాయింట్ గ్రే: 1986 నుంచి 1991కి వచ్చేసరికి ఓట్లు ఎక్కడికి పోయాయి?

ఓట్ల_ఖాతా అడిగిన ప్రశ్న:

కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర శాసనసభకు చెందిన వాంకూవర్-పాయింట్ గ్రే నియోజకవర్గం మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. 1933 నుంచి 2024 దాకా ఫలితాలన్నీ ఒక్క పట్టికలోకి ఎక్కించి, పార్టీలవారీగా గ్రాఫ్ గీయాలని ఉద్దేశం. మూడు చోట్ల చిక్కుముడి పడింది.

1986లో కిమ్ క్యాంప్‌బెల్ (సోషల్ క్రెడిట్), డార్లీన్ మర్జారి (న్యూ డెమోక్రటిక్ పార్టీ, అంటే ఎన్డీపీ) ఇద్దరూ గెలిచినట్టుంది. ఒకే చోట, అదీ వేర్వేరు పార్టీల నుంచి ఎలా గెలుస్తారు? 1991లో చూస్తే మొత్తం ఓట్లు 1986లో సగం కూడా లేవు, జనం వలసపోయిన దాఖలా మాత్రం ఎక్కడా లేదు. ఇక 1952, 1953 ఫలితాల్లో ఒక్కో అభ్యర్థి పేరు పక్కన రెండు మూడు రకాల అంకెలున్నాయి. వాటిలో ఏది తీసుకోవాలి?

పాత_పటం:

ఓట్ల_ఖాతా గారూ, గ్రాఫ్ గీయడం కాస్త ఆపండి. పేరు ఒకటే గానీ, ఆ పేరు కింద ఉన్నవి మూడు వేర్వేరు నియోజకవర్గాలు. మీ మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు అక్కడే ఉంది.

పాయింట్ గ్రే మొదట వాంకూవర్ నగరంలో భాగం కాదు. 1908లో సౌత్ వాంకూవర్ నుంచి విడిపోయి సొంత మునిసిపాలిటీ అయింది. 1929 జనవరి 1న ఆ రెండూ వాంకూవర్‌లో కలిశాయి. అందుకే 1924, 1928 ఎన్నికల్లో ఈ ప్రాంతం రిచ్మండ్-పాయింట్ గ్రే అనే స్థానంలో కనబడుతుంది. అప్పట్లో వాంకూవర్ సిటీ ఆరుగురు సభ్యులున్న ఒకే పెద్ద స్థానం. నగరం పెరిగాక 1933 ఎన్నికకు దాన్ని నాలుగుగా కోశారు. బరార్డ్, సెంటర్, ఈస్ట్ స్థానాలకు ఇద్దరేసి సభ్యులు, పాయింట్ గ్రేకు ముగ్గురు, మొత్తం తొమ్మిది మంది.

1966లో మళ్ళీ గీతలు మారాయి. నగరానికి ఆరు స్థానాలు, అన్నీ ద్విసభ్యవే. పాయింట్ గ్రే ముగ్గురి నుంచి ఇద్దరికి తగ్గింది. 1979 ఎన్నికకు ముందు జరిగిన ఎకార్ట్ పునర్విభజనలో బరార్డ్ ఎగిరిపోయి ఐదు మిగిలాయి. పొరుగున ఉన్న లిటిల్ మౌంటెన్ స్థానం నుంచి పడమటికి వేలులా ఒక సన్నటి పట్టీ సాగదీశారు. అక్కడి మంత్రి గ్రేస్ మెకార్తీకి అనుకూలమైన వీధులను అలా చేర్చారని విమర్శకులు దానికి 'గ్రేసీ వేలు' అని పేరు పెట్టారు. పేరు ఈనాటికీ పోలేదు.

ఆ తర్వాత నియోజకవర్గాల హద్దులు పరిశీలించిన ఫిషర్ కమిషన్ 1988లో నివేదిక ఇచ్చింది. ఒక్కో స్థానానికి ఒక్కరే సభ్యుడు, జనాభా సగటుకు 25 శాతం కంటే ఎక్కువ తేడా ఉండకూడదు అన్నది దాని సారం. 1989లో డిక్సన్ కేసులో బ్రిటిష్ కొలంబియా సుప్రీం కోర్టు (తీర్పు రాసింది తర్వాత కెనడా ప్రధాన న్యాయమూర్తి అయిన బెవర్లీ మెక్‌లాక్లిన్) అప్పటి స్థానాల పంపిణీ రాజ్యాంగంలోని ఓటు హక్కుకు విరుద్ధమని చెప్పింది. 1991లో 75 ఏకసభ్య స్థానాలతో ఎన్నిక జరిగింది. వాంకూవర్‌లో ఐదు ద్విసభ్య స్థానాలు పది ఏకసభ్య స్థానాలయ్యాయి. పాత పాయింట్ గ్రేలో కెరిస్‌డేల్ వైపు భాగం కొత్తగా పుట్టిన క్విల్చేనాకు పోయింది.

కాబట్టి మీ పట్టికలో మూడు కాలాలు పెట్టుకోండి. 1933-1963 త్రిసభ్య, 1966-1986 ద్విసభ్య, 1991 నుంచి ఏకసభ్య. వీటి మధ్య గ్రాఫ్ గీత కలపకండి, తెంచండి.

బీ_బ్యాలెట్:

పై జవాబులో ఓట్లు సగానికి పైగా ఎందుకు పడిపోయాయో సగమే వచ్చింది. హద్దు చిన్నదవడం ఒక కారణం. అంతకంటే పెద్దది లెక్కపెట్టే తీరు.

ద్విసభ్య స్థానంలో ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. ఒకే పార్టీవాళ్ళకు వేసినా, చెరొక పార్టీకి పంచినా, ఒక్కటే వేసి ఊరుకున్నా చెల్లుతుంది. 1986లో క్యాంప్‌బెల్, మర్జారి ఇద్దరూ గెలవడం అందుకే సాధ్యమైంది. (భారత్‌లో 1952, 1957 ఎన్నికల నాటి ద్విసభ్య నియోజకవర్గాలతో పోల్చకండి. అక్కడ రెండింటిలో ఒకటి రిజర్వుడు సీటు, ఇక్కడ అలాంటిదేమీ లేదు.)

అంకె తప్పేది ఇక్కడే. ఊరికే ఉదాహరణకు, 20,000 మంది ఓటేస్తే చెల్లిన ఓట్లు 40,000 దాకా ఉండొచ్చు. ఒక అభ్యర్థికి 11,000 వస్తే ఓట్లలో ఆయన వాటా 27.5 శాతం, ఓటర్లలో 55 శాతం. పాత పట్టికలు మొదటి శాతమే ఇస్తాయి. దాన్ని 1991 తర్వాతి శాతం పక్కన పెడితే గెలిచినవాళ్ళంతా ఒకప్పుడు ఈసురోమంటూ గెలిచినట్టు కనబడుతుంది. మీకు కావలసింది పార్టీ బలమైతే ఒక పార్టీ అభ్యర్థుల ఓట్లన్నీ కూడి, మొత్తం చెల్లిన ఓట్లతో భాగించండి. ఇద్దరినీ నిలబెట్టని పార్టీ విషయంలో ఈ పద్ధతి కూడా దెబ్బతింటుంది, అక్కడ నక్షత్రం గుర్తు పెట్టక తప్పదు.

1952, 1953 సంగతి వేరే కథ. లిబరల్-కన్జర్వేటివ్ కూటమి, ఎన్డీపీకి పూర్వరూపమైన సీసీఎఫ్‌ను అధికారానికి దూరంగా ఉంచడానికి ప్రాధాన్య ఓటు పద్ధతి తెచ్చింది. ఓటరు 1, 2, 3 అని వరస వేస్తాడు. ఎవరికీ సగానికి మించి రాకపోతే అడుగున ఉన్నవాళ్ళను తీసేసి, వాళ్ళ ఓట్లను తర్వాతి ప్రాధాన్యానికి బదిలీ చేస్తారు. చివరికి లాభపడింది కూటమీ కాదు, సీసీఎఫ్ కూడా కాదు. 48 సీట్లలో 19తో సోషల్ క్రెడిట్ మొదటి స్థానంలో నిలిచింది, సీసీఎఫ్ 18 దగ్గర ఆగింది.

బహుళ సభ్య స్థానాల్లో ఒక్కో సీటుకు ఒక్కో బ్యాలెట్ ఇచ్చారు. పాయింట్ గ్రేలో ఏ, బీ, సీ అని మూడు. అంటే నిజానికి ఒకే హద్దులో మూడు వేరు వేరు పోటీలు. ఏ బ్యాలెట్ మీద ఉన్న మనిషి బీ మీదివాళ్ళతో తలపడనే లేదు. మీరు చూసిన అంకెల్లో ఒకటి మొదటి లెక్కింపు, చివరిది బదిలీలన్నీ అయ్యాక వచ్చేది. పార్టీ బలానికి మొదటి లెక్కింపు వాడండి, మూడు బ్యాలెట్ల సగటు తీసుకోండి. ఎవరు గెలిచారన్నదానికి చివరి లెక్కింపు. ఈ రెండూ కలిపి కూడారంటే ఒకే ఓటు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

ఓట్ల_ఖాతా:

ఇద్దరికీ ధన్యవాదాలండి. ఇంకో రెండు సందేహాలు. ఉప ఎన్నికలను ఇదే పట్టికలో వరసగా పెట్టవచ్చా? ఓటింగ్ శాతం 1933 నుంచి ఒకే తీరున లెక్కకడితే సరిపోతుందా?

పశ్చిమ_తీరం:

ఉప ఎన్నికలు తప్పకుండా పెట్టండి, కాకపోతే వేరే రంగులో. ఈ నియోజకవర్గం చరిత్రలో అసలు మలుపులు కొన్ని వాటిలోనే ఉన్నాయి.

1962లో ఉప ఎన్నిక ద్వారా లిబరల్‌గా పాట్ మెక్‌గీర్ వచ్చారు. ఈ నియోజకవర్గంలోనే ఉన్న యూబీసీలో (యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా) మెదడు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త, 1986 దాకా సీటు వదల్లేదు. 1966లో గార్డ్ గార్డమ్ తోడయ్యారు. అదే ఎన్నికలో అటార్నీ జనరల్ రాబర్ట్ బానర్ ఇక్కడ ఓడిపోయి కారిబూ ఉప ఎన్నికతో సభకు తిరిగొచ్చారు. 1972లో రాష్ట్రమంతా ఎన్డీపీ గాలి వీచి 55లో 38 సీట్లు ఊడ్చేసినా పాయింట్ గ్రే రెండు సీట్లూ లిబరల్స్‌వే. తీరా 1975లో ఈ ఇద్దరూ సోషల్ క్రెడిట్‌లోకి దూకారు. మీ గ్రాఫ్‌లో లిబరల్ గీత అక్కడ నిలువునా కిందికి పడుతుంది. ఓటర్లు మారారని రాసేముందు, అభ్యర్థులే మారిపోయారని గుర్తుంచుకోండి.

క్యాంప్‌బెల్ 1988లో ఫెడరల్ ఎన్నికకు వెళ్ళారు. ఖాళీ అయిన సీటును 1989 మార్చిలో ఎన్డీపీ నుంచి డాక్టర్ టామ్ పెరీ గెలిచారు. ద్విసభ్య స్థానమే అయినా ఖాళీ ఒక్కటే కనుక ఓటరుకు ఒక్క ఓటే. కాబట్టి 1986తో ఆ అంకెలు పోల్చడానికి పనికిరావు. 1991లో మర్జారి ఇక్కడే ఉండిపోయారు, పెరీ లిటిల్ మౌంటెన్‌కు మారారు.

1996లో గోర్డన్ క్యాంప్‌బెల్ గెలిచి, 2001లో ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యారు. (కిమ్ క్యాంప్‌బెల్‌తో కలపకండి, ఇంటిపేరు ఒక్కటే. ఈ ఒక్క పొరపాటు ఎన్ని చోట్ల ఉందో!) ఆయన తప్పుకున్నాక క్రిస్టీ క్లార్క్ 2011 మే 11 ఉప ఎన్నికలో ఎన్డీపీ డేవిడ్ ఈబీ మీద స్వల్ప తేడాతో నెగ్గారు. 2013 మే 14న ఆమె పార్టీ రాష్ట్రంలో గెలిచింది, ఆమె మాత్రం ఇక్కడ ఈబీ చేతిలో వెయ్యి చిల్లర ఓట్లతో ఓడారు. జులైలో వెస్ట్‌సైడ్-కెలోనా ఉప ఎన్నికలో గెలిచి పదవి నిలుపుకున్నారు. ఈబీ 2022 నవంబరులో ప్రీమియర్ అయ్యారు, 2024లోనూ ఇక్కడి నుంచే గెలిచారు. ఒకే నియోజకవర్గం పాతికేళ్ళలోపు ముగ్గురు ప్రీమియర్లను పంపింది, ఒక ప్రీమియర్‌ను ఓడించింది. ఇక్కడ ఓటరు పదవి చూసి వేయడనే నా అంచనా.

ఓటింగ్ శాతం మాత్రం ఒకే తీరున కుదరదు. చైనీయులకూ దక్షిణాసియావాళ్ళకూ 1947 దాకా, జపనీయులకూ ఆదివాసులకూ 1949 దాకా రాష్ట్ర ఎన్నికల్లో ఓటే లేదు. తొలి ఎన్నికల ఓటరు జాబితాలో వాళ్ళు లేరు గనక శాతం పైకి కనిపిస్తుంది. పైగా ఓటు వయసు 1952లో 19కీ, 1992లో 18కీ దిగింది. హారంలో ఏముందో (నమోదైన ఓటర్లా, వయోజన జనాభానా) ప్రతి వరసలో రాయండి.

ఇంకొకటి, యూబీసీ. 2005 నుంచి 2017 దాకా ఎన్నికలు మే నెలలో జరిగాయి. ఏప్రిల్‌తో శీతాకాలపు చదువు ముగిసి విద్యార్థులు చాలామంది వెళ్ళిపోతారు. 2020, 2024 ఎన్నికలు అక్టోబరులో, అంటే క్యాంపస్ నిండుగా ఉన్నప్పుడు. 2020 మహమ్మారి ఏడాది కాబట్టి దాన్నీ పక్కన పెట్టాలి. క్యాంపస్ పోలింగ్ మీద ఏమైనా తేల్చాలంటే ఈ క్యాలెండరు చూడకుండా తేల్చకండి.

గీతలు_గళ్ళు:

కొత్త హద్దుల్లో పాత ఫలితాన్ని అంచనా వేయాలన్న కోరిక మీకు త్వరలోనే పుడుతుంది, ముందే చెప్పేస్తాను. 1991కి ముందువాటికి ఆ ప్రయత్నం మానేయండి, రెండు ఓట్ల బ్యాలెట్‌ను ఒక ఓటుగా మార్చే నమ్మదగ్గ సూత్రం లేదు. ఈ మధ్యవాటికి మాత్రం ఇలా చేయొచ్చు.

ఎన్నికల సంస్థ ఇచ్చే ఓటింగ్ ఏరియా హద్దుల ఫైలు తీసుకోండి, అదే ఎన్నికదే కావాలి. ఏరియాల సంఖ్యలు ప్రతి పునర్విభజనకూ మారతాయి, 2009 నాటి 'ఏరియా 12' అంటే 2017లో మరెక్కడో ఉండొచ్చు. దానిమీద కొత్త నియోజకవర్గం గీత పరచండి. పూర్తిగా లోపల పడ్డవాటిని యథాతథంగా చేర్చండి. గీత కోసిన ఏరియాల ఓట్లను పంచేటప్పుడు విస్తీర్ణం చూసి పంచకండి. ఇక్కడ 750 హెక్టార్లకు పైబడిన పసిఫిక్ స్పిరిట్ పార్కు ఉంది, చెట్లు ఓటెయ్యవు. జనగణనలోని అతి చిన్న గళ్ళ జనాభాను బట్టి పంచండి. యూబీసీ, దాని పక్కనున్న యూనివర్సిటీ ఎండోమెంట్ లాండ్స్ నగర పరిధిలోకి రావు కాబట్టి, వాంకూవర్ నగర డేటా మాత్రమే దించుకుంటే పడమటి అంచు ఖాళీగా కనబడుతుంది.

ముందస్తు ఓట్లూ పోస్టల్ ఓట్లూ ఏ ఏరియావో తేలనప్పుడు, వాటిని పోలింగ్ రోజు నిష్పత్తిలో పంచడం అందరూ చేసేదే. ముందస్తు ఓటర్ల మొగ్గు వేరుగా ఉండే ఎన్నికల్లో అది తప్పుదారి పట్టిస్తుంది. 2020లో తపాలా ఓట్లు విపరీతంగా పెరిగాయి కనుక ఆ ఏడాదికి వీధి స్థాయి పటం గీయకపోవడమే మేలు.

వ్యాసంలో హద్దుల గురించి రాసేటప్పుడు మొత్తం సీట్ల సంఖ్య కూడా వెయ్యండి: 1986లో 69, 1991లో 75, 2001లో 79, 2009లో 85, 2017లో 87, 2024లో 93. ఇవి ఎన్నిక జరిగిన ఏళ్ళు, హద్దుల చట్టం అంతకు ముందే వచ్చి ఉంటుంది. చట్టం ఏడాదినే హద్దు మారిన ఏడాదిగా రాసేస్తే మధ్యలో వచ్చిన ఉప ఎన్నిక కొత్త పటంలోకి వెళ్ళిపోతుంది. ఉప ఎన్నిక ఎప్పుడూ పాత హద్దుల మీదే జరుగుతుంది.

బీ_బ్యాలెట్:

పార్టీ పేర్ల గడిలో కూడా ఒక గొయ్యి ఉంది. 1933లో కన్జర్వేటివ్ పార్టీ అధికారికంగా పోటీ చేయలేదు, ఆ మనుషులే ఇండిపెండెంట్, యూనియనిస్ట్, నాన్‌పార్టిజన్ లాంటి గుర్తింపులతో నిలబడ్డారు. 1945, 1949లో 'కోయలిషన్' అన్న ఒక్క మాట కింద లిబరల్స్, కన్జర్వేటివ్స్ ఇద్దరూ ఉన్నారు. టిల్లీ రోల్స్టన్‌నే చూడండి: 1941లో కన్జర్వేటివ్‌గా ఇక్కడ గెలిచి, కూటమిలో ఉండి, 1952లో సోషల్ క్రెడిట్ నుంచి గెలిచి విద్యామంత్రి అయ్యారు, 1953లో ఓడారు. ఆమెను ఏ పార్టీ రంగులో వేస్తారు? బ్యాలెట్ మీద ఏ పేరుంటే అదే రాసి, పక్క గడిలో అసలు పార్టీ ఇవ్వండి. రంగు మాత్రం బ్యాలెట్ పేరును బట్టే వేయండి.