ట్యాంకర్ డ్రైవరుకు ప్రమాదకర సరకుల అనుమతి: విశాఖలో పునశ్చరణ శిక్షణ ఎక్కడ?

నమస్కారమండీ. మాది మల్కాపురం. నాన్నగారు ఇరవై ఏళ్లుగా పెట్రోలు ట్యాంకరు నడుపుతున్నారు. భారీ వాహనాల లైసెన్సుకు ఇంకా రెండేళ్ల గడువుంది. కానీ అందులోని ప్రమాదకర సరకుల అనుమతి నెల క్రితమే ముగిసింది. లోడింగు గేటు దగ్గర ఆపేసేవరకు మేం చూసుకోలేదు. అప్పటినుంచి ఆయన ఇంట్లో కూర్చుని నా మీద విసుక్కుంటున్నారు, తేదీలు గుర్తుపెట్టుకోవడం నా పని అన్నట్టు.

2019 సవరణ తర్వాత రవాణా లైసెన్సు అయిదేళ్లకు, ఈ అనుమతి మూడేళ్లకు ఇస్తున్నారు. మొదట్లో చేసిన మూడు రోజుల శిక్షణ ధ్రువపత్రం ఆయన దగ్గర భద్రంగా ఉంది. ఫారం 1ఏ, అంటే వైద్య ధ్రువపత్రం మీద డాక్టరు సంతకం కూడా తెచ్చాను. చిక్కంతా ఇక్కడే: గడువు దాటింది కాబట్టి మళ్లీ మూడు రోజులూ కూర్చోవాలా, ఒక్కరోజు పునశ్చరణ సరిపోతుందా?

ఒక డ్రైవింగ్ స్కూలు యజమాని "తరగతికి రానక్కర్లేదు, డబ్బు కడితే కాగితం ఇచ్చేస్తాం" అన్నాడు. నాన్నగారు మండిపడ్డారు. వెనకాల వేల లీటర్ల పెట్రోలు పెట్టుకుని ఆ ఆటలేమిటన్నది ఆయన ప్రశ్న. నాకూ అదే సబబనిపించింది.

విశాఖలోగానీ అనకాపల్లి వైపుగానీ ఈమధ్య నిజంగా తరగతికి వెళ్లి వచ్చినవారుంటే, ఎక్కడ చేశారో, ఫీజు ఎంతయిందో చెప్పగలరా? లైసెన్సుల పనులు జరిగే సారథి పోర్టల్లో దరఖాస్తుకు ముందే ధ్రువపత్రం చేతిలో ఉండాలా? పాఠం తెలుగులో చెబుతారా? ఆయన ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతారు, అంతే.