కన్యాశుల్కంలో ‘ముండ’ అనే తిట్టుని వేదిక మీద ఏం చేయాలి?

మా కాలనీలో కన్యాశుల్కం నుంచి 40 నిమిషాల భాగం వేస్తున్నాం. వాచకం 1909 నాటి రెండో కూర్పు. ప్రదర్శనకి ఇంకా 9 రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.

చిక్కంతా అగ్నిహోత్రావధాన్లు నోటి దురుసుతోనే. మొదటి రిహార్సల్‌లో ‘ముండ’ అనగానే జనం గొల్లున నవ్వారు. రెండో వరసలో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయారు. భర్త పోయిన మనిషి. మర్నాడు ముగ్గురు వచ్చి ఆ మాట తీసేయమన్నారు. వాళ్ల బాధ నిజం. కానీ గురజాడ ఎగతాళి చేసింది తిట్టేవాణ్ణి, అతని వితంతు కూతురు బుచ్చమ్మని కాదు.

రెండోసారి ఆ మాట తీసేసి ‘దాన్ని’ అనిపించాం. అవధాన్లు ఉత్త కోపిష్ఠి తాతగా మిగిలాడు, క్రూరత్వం పోయింది. మూడోసారి మాట సగంలో మింగించాం. వెనకనుంచి కుర్రాళ్లు పూర్తి చేసి మరీ నవ్వారు. నాలుగోసారి ముందు 2 నిమిషాలు వివరణ చదివాం. నవ్వు ఆగలేదు, అభ్యంతరమూ ఆగలేదు.

ఈ నాటకం వేసినవాళ్లెవరైనా చెప్పండి: ఆ మాట ఉంచుతూనే, నవ్వు బుచ్చమ్మ మీదికి పోకుండా అవధాన్లు మీదికి తిరిగేలా నటనలో ఏం మార్చారు?