సముద్రం పక్క ఇంటికి అవిసె నూనె పెయింట్ ఆగుతాదా? (టేకు తలుపులు, ఇనప ఊచలు)

కావలి_పాతిల్లు
అందరికీ నమస్తే. మాది కావలికి తూర్పున, సముద్రం దగ్గరే. తాతల నాటి ఇల్లు, టేకు తలుపులు, కిటికీలకి ఇనప ఊచలు. ఎనామిల్ ఎన్నిసార్లు కొట్టించినా పెచ్చులు లేస్తా ఉంది, గోరుతో గీకితే అట్ట మాదిరి ఊడొచ్చి కింద చెక్క నల్లగా తడితడిగా కనపడతా ఉంది. మా వీధిలో పెద్దాయన ఒకాయన, అప్పట్లో అవిసె నూనెలో రంగు పొడి నూరి కొట్టేవాళ్ళం, అదే మేలు అంటాడు. ఇప్పుడు అట్టా చేయొచ్చా? ఇనుముక్కూడా పనికొస్తాదా?

ఒంగోలు_చెక్కపని
భేషుగ్గా చేయొచ్చన్నా. ఎనామిల్ పైన పొరలాగా కూర్చుంటది, చెక్కలో చేరిన తేమ బయటికి పోలేక ఆ పొరనే ఎత్తేస్తది. నూనె పెయింట్ అట్టా కాదు, చెక్కలోకి ఇంకుద్ది, పెచ్చులుగా లేవడం తక్కువ, ఏళ్ళు గడిచాక పైన పొడిపొడిగా అయితే తుడిచి మళ్ళీ పల్చగా నూనె పూస్తే రంగు తేలుద్ది. కాకపోతే పాత ఎనామిల్ మొత్తం గీకి చెక్క బయటపడాల్సిందే, అది బాగా ఆరాల్సిందే, ఇందులో బద్ధకిస్తే మిగతాదంతా దండగ.

షాపులో పచ్చి నూనె, బాయిల్డ్ రెండూ దొరుకుతాయి. పచ్చిది ఆరడానికి రోజులు కాదు, ఒక్కోసారి వారాలు పడతాయి. బాయిల్డ్‌లో డ్రయర్లు (తొందరగా ఆరేట్టు కలిపే మందులు) ఉంటాయి కాబట్టి ఒక రోజు అటూఇటూ. మొదటి కోటుకి కొంచెం టర్పెంటైన్ కలిపి పల్చన చెయ్, తర్వాత జాజు పొడో జింక్ వైటో (జింక్‌తో చేసే తెల్ల రంగు పొడి) నూనెలో బాగా నూరుకో. అన్ని కోట్లూ పల్చగానే ఉండాల. మందంగా పూస్తే పైన తోలు కట్టి ముడతలు పడి లోపల పచ్చిగానే ఉండిపోద్ది.

సింగరాయకొండ_వెల్డింగ్
ఊచల సంగతి నేను చెప్తా. వైర్ బ్రష్‌తో తుప్పు పోయేదాకా రుద్ది, మంచినీళ్ళతో ఉప్పు కడిగి, ఆరగానే అదే పూట ప్రైమర్ కొట్టేయాలి, మన ఉప్పు గాలికి తెల్లారేసరికి మళ్ళీ ఎర్రబడతాయి. ప్రైమర్‌కి నూనెలో కలిపిన రెడ్ ఆక్సైడ్ (ఎర్ర ఇనుము పొడి రంగు) చాలు. పాతకాలంలో రెడ్ లెడ్ వాడేవాళ్ళు, బాగా ఆగేది నిజమే గానీ అది సీసం, విషం, ఇంట్లోకి వద్దు. ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదని 2017 నవంబర్ నుంచి రూలుంది, అంతకుముందు కొట్టిన పెయింట్‌లో ఉండొచ్చు కాబట్టి గీకేటప్పుడు తడిపి గీకండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని అటు రానీయకండి. జీఐ రేకుల (జింక్ పూత వేసిన ఇనప రేకులు) మీద మాత్రం ఈ నూనె పెయింట్ వద్దు, జింక్ మీద పట్టు నిలవదు.

కావలి_పాతిల్లు
చాలా థ్యాంక్స్ అన్నా ఇద్దరికీ. దీపావళి లోపల మొదలుపెడదామా?

నెల్లూరు_పెయింటర్
వద్దు తమ్ముడూ. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి వానలు, చెక్క ఆరదు, నూనే ఆరదు, పైగా ఆరని నూనె మీద బూజు నల్లగా పడతాది. సంక్రాంతి పోయినాక పెట్టుకో. బయటి తలుపులకి జింక్ వైట్ కలిసిన రంగు అయితే బూజు కాస్త తగ్గుతాది.

ఇంకోటి, ఎవరూ చెప్పలా. ఈ నూనె ఎండకి ఆవిరై ఆరేది కాదు, గాల్లో ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడతాది, అప్పుడు వేడి పుడతాది. నూనె తుడిచిన గుడ్డలు ఉండగట్టి మూల పడేస్తే ఆ వేడి లోపలే పెరిగి అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటాయి. పని అయిన వెంటనే బయట తీగ మీద ఒక్కొక్కటి విడివిడిగా ఆరెయ్, లేదా నీళ్ళున్న డబ్బాలో ముంచి మూత పెట్టు. పనోళ్ళకి ముందే గట్టిగా చెప్పు.