కార్తీక వనభోజనం, 45 మంది: కీసరగుట్టకే వెళ్లాలా, తోట మాట్లాడుకోవాలా?

నాగారం_కాలనీ:
మా కాలనీలో 14 ఇళ్లవాళ్లం కలిసి కార్తీకంలో ఒక ఆదివారం వనభోజనానికి వెళ్దామనుకుంటున్నాం. పెద్దవాళ్లు 30 మంది, పదేళ్లలోపు పిల్లలు 10 మంది, డెబ్బై దాటినవాళ్లు 5గురు. ఆ 5గురిలో ఇద్దరు కింద కూర్చోలేరు. మేముండేది హైదరాబాద్ శివార్లలో, శివాలయం ఉన్న కీసరగుట్ట ఇక్కడికి దగ్గర కాబట్టి అక్కడే వండుకుందామని కొందరు, ఏదైనా తోట తీసుకుందామని కొందరు అంటున్నారు. వంటవాళ్లను పెట్టుకోవడం లేదు. ఉల్లి, వెల్లుల్లి లేని వంట. సరుకులు ఎంత పట్టుకెళ్లాలి, ఏ పని ముందు చేసుకోవాలి, పిల్లల్ని ఎలా చూసుకోవాలి? ఇంతమందికి చేసిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గుట్టదారి:
రెండూ చేయండి. తెల్లవారగానే గుట్టెక్కి రామలింగేశ్వరుడి దర్శనం చేసుకుని 8 గంటలకల్లా దిగిపోండి, భోజనం తోటలో పెట్టుకోండి. బండి గుడి దాకా వెళ్తుంది కాబట్టి మోకాళ్ల నొప్పులవాళ్లకూ ఇబ్బంది ఉండదు. కార్తీక సోమవారాలు, పౌర్ణమి మాత్రం వద్దు, పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ రద్దీలో నిలబడలేరు.

గుట్ట మీద వంట వద్దనడానికి మొదటి కారణం కోతులు. కవర్ చప్పుడు వినిపిస్తే చాలు వచ్చేస్తాయి. కొబ్బరికాయ, అరటిపండ్లు గుడ్డసంచిలో పెట్టి పెద్దవాళ్లే పట్టుకోవాలి, పిల్లల చేతికి బిస్కెట్ ప్యాకెట్ ఇవ్వకూడదు. రెండోది, చుట్టుపక్కల ఉన్నది రిజర్వు అడవి. అందులో పొయ్యి వెలిగించడం నేరం. చెట్టు కింద ఖాళీ జాగా కనిపించింది కదా అని రాళ్లు పేర్చకండి.

దర్శనమయ్యాక పిల్లలకు ఆవరణలో, బయటా వరసగా ఉన్న లింగాలను చూపించండి. రాముడు లింగం తెమ్మని పంపితే ఆంజనేయుడు 101 తెచ్చాడనీ, ఆలోపే ప్రతిష్ఠ అయిపోయిందని అలిగి వాటిని విసిరేశాడనీ స్థలపురాణం. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన విష్ణుకుండిన రాజుల కాలం నాటి ఇటుక కట్టడాలు కూడా అక్కడ తవ్వకాల్లో బయటపడ్డాయి. కొంచెం ఊహ తెలిసిన పిల్లలకు ఆ పునాదులు చూపిస్తే ఇష్టంగా చూస్తారు.

ఇక తోట. ఫోన్‌లో ఫొటోలు చూసి అడ్వాన్సు కట్టొద్దు. అంతకు ముందు ఆదివారం సరిగ్గా 12 గంటలకు ఇద్దరు వెళ్లి చూసి రండి. కార్తీకంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, మధ్యాహ్నం నీడ చెట్టుకు ఉత్తరం పక్కన పడుతుంది. చాపలు పరిచేది అక్కడే కాబట్టి ఆ పక్క నేల చదునుగా ఉందో లేదో చూడాలి. ముదురు మామిడి చెట్లున్న తోటైతే మేలు, నాలుగేళ్ల మొక్కల కింద 45 మందికి నీడ దొరకదు.

కరెంటు పోతే బోరు ఆడదు. రెండు డ్రమ్ములు ముందురోజే నింపి ఉంచమని తోట యజమానికి చెప్పండి. ఇంతమందికి రెండు మరుగుదొడ్లైనా కావాలి, ఒకటైనా వెస్టర్న్ ఉండాలి. లేకపోతే మడత కమోడ్ కుర్చీ వెంట తీసుకెళ్లండి. తిండి ఎంత బాగా కుదిరినా ఈ ఒక్క లోటుతో ఆడవాళ్లు, పెద్దవాళ్లు పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. పక్కన పత్తో కూరగాయలో ఉంటే మందు ఎప్పుడు కొట్టారో కూడా అడగండి. ఆ వారంలో కొట్టి ఉంటే ఆ తోట వదిలేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, తలెత్తి చూడండి. తేనెపట్టు ఉన్న చెట్టు దరిదాపుల్లో పొయ్యి పెట్టకూడదు. వనభోజనాల్లో తేనెటీగలు లేచేది ఎక్కువగా పొగ వల్లే. లేస్తే చేతులు ఊపకుండా, ముఖం కప్పుకుని, కార్ల వైపు పరుగెత్తి అద్దాలు ఎక్కించుకోవాలి. ముల్లు ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

వంటింటి_లెక్క:
స్థలం గురించి పైవారు చెప్పారు కాబట్టి నేను వంట లెక్క ఒక్కటే రాస్తాను. 10 మంది పిల్లలు కాబట్టి దీన్ని 40 పెద్ద విస్తళ్లుగా లెక్కేసుకోండి.

పులిహోరకు 2 కిలోలు, తెల్లన్నానికి 3 కిలోల బియ్యం. కందిపప్పు కిలోంపావు, అందులోకి 2 కిలోల దోసకాయలు. వంకాయ కూరకు 4 కిలోల వంకాయలు, పావుకిలో అల్లం, పావుకిలో పచ్చిమిర్చి. చారుకు 150 గ్రాముల చింతపండు. పెరుగుకు 6 లీటర్ల పాలు. పరమాన్నానికి ముప్పావుకిలో బియ్యం, 150 గ్రాముల పెసరపప్పు, 4 లీటర్ల పాలు, కిలో బెల్లం. నూనె అన్నిటికీ కలిపి 2 లీటర్లు. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు 3, వంటకు ఇంకో 3.

పులిహోర ఇంట్లోనే చేసుకోండి. 2 కిలోల బియ్యానికి పావుకిలో చింతపండు గుజ్జు ముందురోజు రాత్రే నూనెలో ఉడికించి పెట్టుకుంటే పొద్దున కలపడమే పని. అన్నం వెడల్పాటి బేసిన్‌లోకి తీసి పూర్తిగా ఆరనిచ్చి కలపాలి. వేడి మీద కలిపి డబ్బాలో మూత బిగిస్తే లోపల ఆవిరి పట్టి మధ్యాహ్నానికి జిగురు వాసన వస్తుంది. పల్లీలు విడిగా తీసుకెళ్లి వడ్డించే ముందు కలపండి, లేకుంటే మెత్తబడతాయి.

పెరుగు రాత్రి తోడేసి గట్టిగా తోడుకున్నాక తీసుకెళ్తే దారి కుదుపులకు విరిగి నీళ్లు తేలుతుంది. తెల్లవారుజామున గోరువెచ్చని పాలలో తోడు వేసి, క్యాన్‌కు దుప్పటి చుట్టి కారులో కదలకుండా పెట్టండి. కార్తీకంలో చలి కాబట్టి తోడు మామూలు కంటే కొంచెం ఎక్కువ వేయాలి. తోటకు చేరగానే దించి నీరెండలో వదిలేస్తే భోజనాల వేళకు కమ్మటి పెరుగు తయారు.

తోటలో పొయ్యి 9 గంటలకు వెలగాలి. ముందు పప్పు. దీనికి 10 లీటర్ల కుక్కర్లు రెండు తీసుకెళ్లండి, గిన్నెలో ఉడకబెడదామంటే గంటకు పైనే పడుతుంది. తర్వాత కూర, చారు, పరమాన్నం, చివర్న అన్నం. వంకాయలు అక్కడే కోసి ఉప్పునీళ్లలో వేయండి, ఇంట్లో కోసుకెళ్తే నల్లబడి కనరెక్కుతాయి. బెల్లం విడిగా కరిగించి వడగట్టి, పరమాన్నం దించి ఐదు నిమిషాలు ఆగాక కలపాలి. మరిగే పాలలో వేస్తే విరిగిపోతాయి, 4 లీటర్ల పాలు పాడైతే అక్కడ మళ్లీ తేలేరు.

బయట వంటలో ఎక్కువగా చెడేది అన్నం. 3 కిలోలూ ఒకే గుండీలో వేస్తే గాలికి మంట ఒక పక్కకే తగిలి అడుగు మాడుతుంది, పైన పలుకు మిగులుతుంది. కిలోన్నర చొప్పున రెండు గిన్నెల్లో వండండి. బియ్యం అరగంట నానాలి. ఒక్కో గిన్నెలో 7, 8 లీటర్ల ఎసరు బాగా మరిగాక బియ్యం పోసి, పలుకు కాస్త ఉండగానే వార్చి మూత పెడితే మిగతాది ఆవిరికే మగ్గుతుంది. గంజి వార్చేటప్పుడు పిల్లలెవరూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. పొయ్యికి మూడు పక్కలా రేకు అడ్డం పెట్టండి, గ్యాసు చాలా ఆదా అవుతుంది. సిలిండర్ ఇంకోటి ఉండాలి. అది నిలువుగానే, పొయ్యికి ఐదారడుగుల దూరంలో ఉండాలి. రెగ్యులేటర్ పెట్టాక సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూసి వెలిగించండి.

అప్పడాలు అందరూ పంక్తిలో కూర్చునే ముందే వేయించండి.

పిల్లల_ఆటలు:
పంక్తి 12:30కి మించి ఆలస్యం చేయొద్దు. మొదటి పంక్తిలో పిల్లలు, పెద్దవాళ్లు. దర్శనమయ్యాక పిల్లలకు ఇడ్లీనో ఉప్మానో తప్పకుండా పెట్టండి, ఖాళీ కడుపుతో కారెక్కిస్తే వాంతులు చేసుకుంటారు. కింద కూర్చోలేని ఇద్దరికీ చేతులున్న కుర్చీలు, ముందు ఒక స్టూలు వేసి విస్తరి పెట్టాలి. వాళ్లను విడిగా మూలన కాకుండా పంక్తి మొదట్లోనే కూర్చోబెడితే మనవళ్లు పక్కనే ఉంటారు. విస్తరాకులు 60 తీసుకోండి, గాలికి ఎగరకుండా పరచగానే నీళ్లు చల్లాలి.

పిల్లల్ని "అందరం చూసుకుంటాం" అనుకుంటే ఎవరూ చూసుకోరు. గంటకు ఇద్దరు చొప్పున పేర్లు కాగితం మీద రాసి చెట్టుకు కట్టండి. ఆ గంట వాళ్లకు వంటపని, ఫోన్లు ఉండకూడదు. తోటలో కుంట, ఫామ్ పాండ్ (నీళ్లు నిల్వ చేసుకునే గుంట), మూత లేని బావి ఉంటే ఆ వైపు ఒక పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఫామ్ పాండ్‌కు పరిచిన ప్లాస్టిక్ పట్టా జారుడు, లోపల పడితే పెద్దవాళ్లు కూడా ఎక్కి రాలేరు.

దాగుడుమూతలు తోటలో వద్దు, గడ్డివాముల వెనకా పొదల్లోనూ దాక్కుంటారు, పాముల భయం. తొక్కుడుబిళ్ల, ఖోఖో, నిమ్మకాయ చెంచా సరిపోతాయి. తాడులాగుడు ఆడితే తాడును ఎవరూ చేతికి చుట్టుకోకూడదు, వేళ్లు నలిగేది అందువల్లే. పెద్దవాళ్లకు అష్టాచమ్మా గవ్వలు, తంబోలా చీట్లు. సాయంత్రం ఐదున్నర దాటితే వెలుతురు తగ్గిపోతుంది, 4 గంటలకే సర్దడం మొదలుపెట్టండి.

నాగారం_కాలనీ:
ముగ్గురికీ చాలా థాంక్సండి. ఇంకొక్క సందేహం. మేం అనుకుంటున్న తోటలో మామిడి, సపోటా ఉన్నాయి గానీ ఉసిరి చెట్టు లేదు. ఎక్కడి నుంచైనా కొమ్మ తెచ్చి పూజ చేస్తే సరిపోతుందా?

గుట్టదారి:
కొమ్మ పెట్టి పూజ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ గుట్ట దగ్గర చెట్లు విరవొద్దు. ప్రతి కార్తీకంలో దారిపక్క ఉసిరి చెట్లు మోడైపోతున్నాయి. నర్సరీలో రెండు ఉసిరి అంటుమొక్కలు, వేర్వేరు రకాలవి కొని, కుండీల్లో ఉండగానే వాటికి పూజ చేయండి. ఒక్కటే ఉంటే కాయ సరిగా నిలవదు. దీపం కుండీకి రెండడుగుల దూరంలో, గాలికి ఆరని చోట పెట్టండి, చీర కొంగులు జాగ్రత్త. మర్నాడు కాలనీ పార్కులో రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గుంత తీసి, పశువుల ఎరువు కలిపిన మట్టితో నాటండి. రెండింటి మధ్య 20 అడుగులు వదలాలి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడకూడదు, దాని కింద చిగుళ్లు వస్తే తీసేయాలి. నాటిన మొదటి ఎండాకాలం వారానికి రెండుసార్లు నీళ్లు పోసే బాధ్యత ఏ రెండు ఇళ్లదో వనభోజనం రోజే తేల్చుకోండి.