సమస్యాపూరణం: కొండ దిగినవాఁడె కొమ్ము నెక్కె

కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

కొండ దిగినవాఁడె కొమ్ము నెక్కె

రంగం మంగళగిరి కొండ. కింద వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 11 అంతస్తుల గాలిగోపురం కట్టించిన లక్ష్మీనరసింహస్వామి గుడి, కొండ నడుమ పానకాల స్వామి, శిఖరాన గండాలయ స్వామి. చాలామంది పానకం పోయించి అక్కడినుంచే దిగిపోతారు. పూరణలో ఆ నడుమకూ, కొమ్ముకూ (అంటే శిఖరానికీ) తేడా కనిపించాలని నా కోరిక.

గుంటూరు మిత్రుడు:

మెట్టు మెట్టు నెక్కి మెల్లగా నడచుచు
స్వామి ముందు నిలిచి సన్నుతించి
నేను గొప్ప యనెడు నిక్కుతో నిల్చిన
కొండ దిగినవాఁడె కొమ్ము నెక్కె

నిర్వాహకుడు: ధార బాగుంది, యతులు సరిపోయాయి. కానీ అహంకారమనే కొండ ఏ ఊరికైనా సరిపోతుంది. స్వామి అన్నారు, ఏ స్వామి? అర్చకులు శంఖంతో పానకం పోస్తుంటే గుటక వేసిన చప్పుడు వినిపిస్తుంది. సగం ప్రసాదంగా తిరిగొస్తుంది. అంత బెల్లం నీళ్లున్నా అక్కడ చీమ కనపడదంటారు. ఇంత సరుకు చేతిలో ఉండగా "సన్నుతించి" అని తేల్చేస్తే ఎలాగండీ?

తెనాలి సోదరి:

ఏల కూరుచుంటి వీ బండపై నీవు
తోటివార లెల్ల దూరమైరి
మనకు వెనుక వచ్చు మఱియొక్క బస్సును
కొండ! దిగినవాఁడె కొమ్ము నెక్కె

నిర్వాహకుడు: "కొండ"ను పిల్లవాడి పేరు చేసి పిలిచారు, భేష్! బస్సు మాట పద్యంలో హాయిగా ఇమిడింది. "వచ్చు" అంటే మాత్రం ఇంకా రాబోయే బస్సు అనిపిస్తోంది. "వెనుక వచ్చినట్టి వేఱొక్క బస్సును" అంటే?

తెనాలి సోదరి: కాలం కుదిరిందండీ, అలాగే మారుస్తున్నాను. ధన్యవాదాలు.

మంగళగిరి మిత్రుడు:

గండదీపమునకుఁ గావలసిన నెయ్యి
మఱచినందువలన మరల వచ్చి
తల్లి చేతినుండి తానందుకొని వేగ
కొండ దిగినవాఁడె కొమ్ము నెక్కె

నిర్వాహకుడు: ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. విరోధం మాటల విరుపుతో కాక, జరిగిన పనితోనే తీరింది. శిఖరాన విగ్రహం ఉండదు, గండాలు తొలగాలని మొక్కుకుని దీపం పెట్టే చోటు మాత్రమే. నెయ్యి లేకుండా పైకి వెళ్లి ఏం చేస్తాడు? దిగాల్సిందే! దిగడానికీ ఎక్కడానికీ కారణం పద్యంలోనే ఉంది. ఒక్క సందేహం: తల్లి ఉన్నది పానకాల స్వామి గుడి దగ్గరైతే "కొండ దిగిన" అనడం కుదరదు కదా?

మంగళగిరి మిత్రుడు: ఇల్లు గాలిగోపురం పక్క సందులోనండీ. కుర్రాడు మెట్లన్నీ దిగి వచ్చాడు.

నిర్వాహకుడు: అయితే పేచీ లేదు. వచ్చే వారం సమస్య కందంలో ఇస్తాను.