దివిసీమ ఉప్పెనపై పుస్తకం: పూర్తి చేయడానికి ఎంత కాలం పడుతుంది?

నమస్కారం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన గురించి, ఆ రాత్రి ప్రాణాలతో బయటపడినవారి మాటల ఆధారంగా పుస్తకం రాస్తున్నాను. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు తిరిగి చాలామంది చెప్పింది ఫోనులో రికార్డు చేశాను. కథలూ నవలలూ కాకుండా ఇలా వాస్తవాలతో పుస్తకం రాసినవారు ఉంటే, మీకు ఎంత కాలం పట్టిందో దయచేసి చెప్పండి.

గంట రికార్డింగును కాగితం మీద పెట్టడానికి రోజంతా చాలడం లేదు. తెల్లవార్లూ తాటిచెట్టును కరిచి పట్టుకున్న ఒక పెద్దాయన, పక్క చెట్టు మీదున్న తమ్ముడి కేకలు ఎప్పుడు ఆగిపోయాయో చెప్పబోయి, ఇక మాట్లాడలేకపోయారు. అలాంటి చోట ఒక్క వాక్యం రాయడానికే ఎంతో సమయం పడుతోంది. ఆ పైన ప్రతి వివరాన్నీ నాటి పత్రికలతో సరిచూసుకోవాలి. మృతులు దాదాపు పదివేలని ప్రభుత్వ లెక్క. ఊళ్లలో ఎవరిని అడిగినా అంతకు మించే చెబుతారు.

అప్పుడు ఇరవై ఏళ్లున్నవారు ఇప్పుడు డెబ్బైకి చేరువలో ఉన్నారు. అందుకే సేకరణ ఆపడానికి మనసొప్పడం లేదు. 2027 నవంబరుకు 50 ఏళ్లు నిండుతాయి, ఆలోగా పుస్తకం రావాలని నా పట్టుదల.

మీరు సేకరణ ముగించాకే రాయడం మొదలుపెట్టారా, రెండూ కలిపి సాగించారా? చిత్తుప్రతి పూర్తయ్యాక దిద్దుబాట్లకు, ప్రూఫులకు, ముద్రణకు ఎన్ని నెలలు విడిగా ఉంచుకోవాలి? ఉద్యోగం చేస్తూ రాసినవారి అనుభవం నాకు మరీ అవసరం.